నిర్జల సంజీవని

అవతారిక

పంచాయతీ ఆఫీసు గోడ మీద, రేషన్ షాపు తలుపు మీద, బస్టాండు దగ్గర కరెంటు స్తంభం మీద ఒకే కాగితం వెలిసింది. మైదా జిగురు ఇంకా ఆరలేదు. వచ్చేపోయేవాళ్లు చదివి, ‘మళ్లీనా’ అని బిందె ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని సాగిపోతున్నారు. ఇంత క్లుప్తమూ ఇంత గంభీరమూ అయిన గ్రంథాన్ని లోకం ఇలా పైపైన చదివి వదిలేస్తుంటే చూడలేక వ్యాఖ్యకు పూనుకున్నాం. మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పే మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిన పట్టి కాళిదాసుకు సంజీవని రాశాడు. ప్రతినలో మొదటి సగం మాకు శిరోధార్యం. రెండో సగం నోటీసు రాసినవారే పాటించలేదు కనుక మాకూ మినహాయింపు ఉంది.

మూలం

‘యావన్మంది గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, అనివార్య కారణముల వలన రేపటి దినము మంచినీటి సరఫరా నిలిపివేయబడును. కావున ప్రజలు గమనించి సహకరించవలసినదిగా కోరడమైనది.’

ప్రతిపదార్థం

యావన్మంది గ్రామ ప్రజలకు = ఊళ్లో ఉన్న ప్రతి ఒక్కరికీ. శంక: బోరు ఉన్న పెద్దలు కూడా ఇందులో చేరుతారా? సమాధానం: పదంలో చేరుతారు, ఫలితంలో చేరరు.

తెలియజేయునది ఏమనగా = సులభం. వదిలేశాం. (ఏమి తెలియజేశారన్నది సులభం కాదు. అది ముందు ముందు తేలుతుందేమో చూద్దాం.)

అనివార్య కారణముల వలన = ఆపడానికి ఎవరి తరమూ కాని కారణాల చేత. ఇక్కడ బహువచనం గమనించాలి. ఒక్క కారణమంటే అదేమిటని అడిగేవాడుంటాడు. పది కారణాలంటే అడిగేవాడికే భయం. మేం వెళ్లి చూసినంతలో కారణం ఒక్కటే. బస్టాండు మలుపులో, కల్వర్టు పక్కన, తారు రోడ్డు కింద పైపు పగిలింది. పగిలింది నిన్నా మొన్నా కాదు. వినాయక చవితి నాటికే అక్కడ నీళ్లు బుడబుడమంటున్నాయి. బండ్లు పడకుండా ఎవరో పుణ్యాత్ముడు ఆ గుంటలో పాత టైరు పెట్టి, టైరులో కంప కొమ్మ గుచ్చాడు. కొమ్మకు ఎర్ర గుడ్డ కట్టాడు. కొమ్మ ఎండిపోయింది, గుడ్డ వెలిసి తెల్లబడింది. అప్పుడు ఒక్క జాయింటుతో పోయేది ఇప్పుడు ‘అనివార్యం’ అయింది. కారణాన్ని అనివార్యం చేయడానికి ఇంత కాలం ఓపికగా కాచుకున్న తపస్సును నోటీసులో ఒక్క మాటైనా చెప్పుకోకపోవడం వారి వినయం.

రేపటి దినము = రేపు. ఏ రోజుకు రేపు? కాగితం మీద తేదీ లేదు. కిందటి వేసవిలో అంటించిన కాగితం మీదా ఇదే మాట. అది చిరిగిపోకుండా దీని పక్కనే ఉంది కనుక ఏ కాగితం ప్రకారం నీళ్లు ఆగాయో పండితులే తేల్చాలి.

విశేషం

తేదీ వేయకుండా ప్రజలకు చాటడం ఈ గడ్డ మీద పూర్వం నుంచీ ఉన్న అలవాటు కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో శక సంవత్సరం 1291, అంటే క్రీస్తు శకం 1369లో ఒక చెరువు శాసనం వేశారు. బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని ఇంకో పేరు, ఆ చెరువు తవ్వించాడు. రాతి మీద ఎక్కించిన ఆ నోటీసు చూడండి: ఏ సంవత్సరమో ఉంది. ఎవరు తవ్వించారో ఉంది. కట్ట పొడవెంత, వెడల్పెంత, ఎత్తెంత అన్నీ ఉన్నాయి. రెండేళ్లు పని జరిగిందని, రోజూ వెయ్యిమంది కూలీలు పనిచేశారని, రాయి తోలడానికి వంద బండ్లు తిరిగాయని కూడా ఉంది. నీళ్లు ఆపేటప్పుడు కాదు, నీళ్లు ఇచ్చేటప్పుడు ఇంత లెక్క చెప్పారు!

అంతటితో ఆగితే అది శాసనం ఎందుకవుతుంది? మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని వరసగా చెప్పింది. వాటిలో కొన్ని: ధర్మం తెలిసిన రాజుండాలి. జలశాస్త్రం తెలిసినవాడుండాలి. గట్టి మట్టి నేల ఉండాలి. తీపి నీళ్ల ఏరు దూరం నుంచి పారి రావాలి. కట్టకు అటూ ఇటూ కొండ ఆనుకోవాలి. దగ్గర్లో పొడుగాటి రాళ్లున్న గని ఉండాలి. కట్టడం చేతనైన పనివాళ్లు ఉండాలి. రాజు తర్వాత రెండో స్థానంలోనే జలశాస్త్రజ్ఞుడు! మా ఊళ్లో ఆ స్థానం ఖాళీగా ఉండి చాలా కాలమైంది. పోస్టు మంజూరు కాలేదని ఒకరూ, మంజూరై డెప్యుటేషన్ మీద పోయిందని ఇంకొకరూ అంటారు. ఎవరిని నమ్మాలో తెలియక ఇద్దరినీ నమ్ముతున్నాం.

ఆ శాసనంలో మాకు అన్నిటికన్నా ఇష్టమైనది దోషాల జాబితా. చెరువుకు దోషాలు ఆరు. కట్ట నుంచి నీరు ఊరి కారడం. చవుడు నేల. నడి చెరువులో తాబేలు వీపులా మిట్ట లేవడం. నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం. ఆయకట్టు తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. ఇంకొకటి, రెండు రాజ్యాల పొలిమేర మీద చెరువు ఉండటం.

ఈ చివరిదాన్ని మేం చాలాకాలం అర్థం చేసుకోలేదు. నీటికి పొలిమేరతో ఏం పని అనుకున్నాం. కల్వర్టు పక్కన టైరు చూశాక అర్థమైంది. పైపు పంచాయతీది. పైన రోడ్డు రోడ్ల శాఖది. పైపు వేయించిన పథకం నీళ్ల శాఖది. తవ్వాలంటే రోడ్ల శాఖ అనుమతి కావాలి. అనుమతికి డబ్బు కట్టాలి. డబ్బు కట్టడానికి తీర్మానం కావాలి. తీర్మానానికి అంచనా కావాలి. అంచనా వేయాల్సిన ఇంజనీరు గారికి నాలుగు మండలాలు. రెండు రాజ్యాల మధ్య చెరువును చూసి 1369లోనే భయపడ్డారు. మూడు రాజ్యాల మధ్య పైపు వారి ఊహకు అందలేదు.

రాజ్యాంగంలోనూ ఇదే సంగతి. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ పంచాయతీలకు అప్పగించదగినవంటూ 29 అంశాలను పదకొండో షెడ్యూలులో చేర్చింది. అందులో మంచినీళ్లు పదకొండోది. రోడ్లూ కల్వర్టులూ పదమూడోది. నడుమ పన్నెండోది వంటచెరకు, పశుగ్రాసం. పదకొండుకూ పదమూడుకూ గొడవ తెగేలోగా గుంట చుట్టూ పన్నెండోది ఏపుగా పెరుగుతోంది. గేదెలు సుఖంగా ఉన్నాయి.

మూలానికి వద్దాం.

నిలిపివేయబడును = ఆపుతారు. ఎవరు? కర్త కనిపించడు. కనిపించేది వాల్వు తిప్పే వాటర్ మ్యాన్ ఒక్కడే. కనుక తిట్లన్నీ అతనికే అన్వయం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఇనుప తాళం భుజాన వేసుకుని వీధి వీధికీ వాల్వు తిప్పే మనిషికి నెల జీతం నెలనెలా రాదు. అతను పనిచేసేది ఎవరి కిందో అతనికీ సరిగా తెలియదు. పై నుంచి ఎవరో ‘ఆపు’ అంటారు, ఆపుతాడు. కుళాయి దగ్గర ఆడవాళ్లు ‘నీ చేతులు పడిపోను’ అంటారు, తల వంచుకుంటాడు. నోటీసు రాసినవారు ఒక్క పేరు రాసి ఉంటే ఆ తిట్లు చేరవలసిన చోటికి చేరేవి. ఇది వ్యాకరణ చర్చ కాదు.

గమనించి = కళ్లారా చూసి. ఖాళీ కుళాయిని అని శేషం.

సహకరించవలసినదిగా = ఈ పదం దగ్గర పూర్వ వ్యాఖ్యాతలు, అంటే టీ అంగడి దగ్గరివారు, చేతులెత్తేశారు. రాని నీటికి సహకరించడం ఎలా? జల్ జీవన్ మిషన్ లెక్కన మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలి. అయిదుగురున్న ఇంటికి 275 లీటర్లు. ముందు రోజు పట్టి దాచుకోవడమే సహకారమంటే, ఆ ముందు రోజు ఏ రోజో చెప్పాలి కదా! స్నానం మానడమా, చుట్టాలను రావద్దనడమా, ఇంట్లో ముసలమ్మను కూతురింటికి పంపడమా? మూడూ జరుగుతూనే ఉన్నాయి.

భారవి కవిత్వం కొబ్బరికాయ వంటిదన్నాడు మల్లినాథుడు. పగలగొట్టి లోపలి రసం అందిస్తానన్నాడు. ఈ నోటీసూ కొబ్బరికాయే, పీచు ఎక్కువ. పగలగొట్టాం. నీళ్లు లేవు.

పాఠాంతరాలు

చెత్త ట్రాక్టరు మైకులో ఇంకో పాఠం వినిపించింది: ‘...టి సరఫరా ...వున ప్రజలు...’ మిగతాది హారన్‌లో లుప్తం. ట్రాక్టరు మా వీధికి వచ్చేసరికి కుళాయి ఆగి పూట గడిచింది కనుక నష్టం లేదు.

నోటీసు కిందనే అంటించిన నీళ్ల ట్యాంకరు వాళ్ల కరపత్రం మరో ప్రతి. ధర, వేళ, రెండు ఫోను నంబర్లు, ఏ వీధికి ఎప్పుడు వస్తారో అన్నీ ఉన్నాయి. దీనికి వ్యాఖ్య రాయడానికి మాకు ఏమీ మిగల్లేదు.

మూడోది వాటర్ మ్యాన్ నోటి పాఠం. ‘జాయింటు రాలేదు సార్. అది వస్తే రెండు గంటల పని. తవ్వడానికి పర్మిషన్ ఇస్తే రేపు సాయంత్రానికి నీళ్లు వదులుతాను.’ అన్ని ప్రతుల్లోనూ శుద్ధమైన పాఠం ఇదే అని మా నిర్ణయం.

తాత్పర్యం

కల్వర్టు దగ్గర పైపు పగిలింది. ఫలానా తేదీన పొద్దున ఆపి, మర్నాడు సాయంత్రం వదులుతాం. ఈలోగా పాత బస్టాండు దగ్గర, ఎగువ వీధి మొదట్లో పొద్దున ఆరింటికి పంచాయతీ ట్యాంకరు ఉంటుంది. ఇట్లు, పేరు, ఫోను నంబరు.

ఇలా రాయడానికి కావలసిన సంగతులన్నీ వాటర్ మ్యాన్ దగ్గర ఉన్నాయి, సంతకం చేసే అధికారం లేదు. సంతకం చేసేవారు నీటి ఎద్దడి మీద సమీక్షకు జిల్లా కేంద్రానికి వెళ్లారు.