పేరు మారిన ఫోటో

ఇది ఒక ఫోటో కథ. 2010 జనవరి 12 సాయంత్రం 4 గంటల 53 నిమిషాలకు హైతీలో భూమి కంపించింది. తీవ్రత 7.0. రాజధాని పోర్టో ప్రిన్స్‌లో ఇళ్లూ, బడులూ, ఆఖరికి అధ్యక్ష భవనమూ కూలిపోయాయి. ఈ ఫోటో పుట్టింది ఆ వేళే.

తీసినవాడు డేనియల్ మొరెల్. ఆ ఊళ్లో పుట్టినవాడే. తన దేశంలోని కల్లోలాలను ఏళ్ల తరబడి వార్తాసంస్థలకు చిత్రించి పంపిన ఫోటోగ్రాఫర్. ఆ సాయంత్రం కెమెరా పట్టుకుని వీధుల్లోకి వెళ్లాడు. కూలిన గోడల మధ్య ఒక స్త్రీ కనిపించింది. జుట్టూ, కనుబొమలూ, పెదవులూ అన్నీ దుమ్ముపట్టి ఒకే బూడిదరంగులోకి తిరిగాయి. కళ్లు మాత్రం బతికున్నాయి. మొరెల్ బటన్ నొక్కాడు. ఆ కళ్లు లోకమంతా చూడాలన్నది ఈ ఫోటో కోరిక కూడా.

అయితే పంపేదెలా? ఫోన్లు చాలావరకు పనిచేయడం లేదు. ఎలాగో ఇంటర్నెట్ దొరికింది. అప్పట్లో ట్విట్టర్‌లో నేరుగా ఫోటో పెట్టే వీలుండేది కాదు. ట్విట్‌పిక్ అనే మరో సైట్‌లో ఎక్కించి, ఆ లింకును ట్వీట్ చేయాలి. మొరెల్ ఆ సాయంత్రమే రెండుచోట్లా ఖాతాలు తెరిచాడు. ఈ ఫోటోనూ, దీని తోబుట్టువులనూ అక్కడ పెట్టాడు. హైతీలో ఏం జరిగిందో కళ్లారా చూడాలని పత్రికలు ఎదురుచూస్తున్న గంటలవి.

కాసేపటికే పక్క దేశమైన డొమినికన్ రిపబ్లిక్‌కు చెందిన ఒకరు వీటిని కాపీ చేసి, తానే తీసినట్టు తన ఖాతాలో పెట్టుకున్నారు. ఏఎఫ్‌పీ వార్తాసంస్థ వీటిని తీసుకుంది అక్కడినుంచే. ఏఎఫ్‌పీ నుంచి ఫోటోలు అమ్మే గెట్టీ ఇమేజెస్‌కు, గెట్టీ నుంచి పత్రికలకూ టీవీలకూ వెళ్లాయి. ఈ ఫోటో ఖండాలు దాటింది, మొదటి పేజీలకెక్కింది. కింద ఉన్నది మాత్రం ఎన్నడూ ఆ వీధిలో నిలబడని మనిషి పేరు. మర్నాడు ఏఎఫ్‌పీ పేరు సరిచేసింది, ఆ తర్వాత ఫోటోలను వాడొద్దని సందేశమూ పంపింది. అప్పటికే ఆలస్యమైంది. పాత పేరుతో ఉన్న ప్రతులు గెట్టీ దగ్గర మిగిలిపోయాయి, అమ్ముడవుతూనే వచ్చాయి.

పేరు పోవడమంటే ఏమిటో ఈ ఫోటోకు తెలుసు. ఫోటో ఫైలు లోపల తీసినవారి పేరు, తేదీ, వివరం రాసుకునే చోటుంటుంది. ఎక్కించగానే చాలా సోషల్ మీడియా సైట్లు ఆ సమాచారాన్ని తీసేస్తాయి. స్క్రీన్‌షాట్‌లో అసలే మిగలదు. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే వరద ఫోటో అయినా, జాతర ఫోటో అయినా పదోచేతికి చేరేసరికి తీసిందెవరో చెప్పగలిగేవాళ్లు అరుదు. ఆ మనిషి మోకాలిలోతు నీళ్లలో నిలబడి తీసి ఉండొచ్చు. వార్త చేరితే చాలు, పేరుతో పనేముంది అనేవాళ్లున్నారు. పేరుతోనే పని. ఫోటోగ్రాఫర్‌కు రావలసిన డబ్బు ఆ పేరు మీదే వస్తుంది. ఫోటో అబద్ధమైతే జవాబు చెప్పవలసిందీ ఆ పేరే.

2010 మార్చిలో ఈ కథ న్యూయార్క్ ఫెడరల్ కోర్టుకెక్కింది. విచిత్రమేమిటంటే ముందు దావా వేసింది మొరెల్ కాదు, ఏఎఫ్‌పీ. తాము హక్కుల ఉల్లంఘనేదీ చేయలేదని కోర్టు ప్రకటించాలని కోరింది. మొరెల్ ఎదురు దావా వేశాడు. ట్విట్టర్‌లో పెట్టాడంటే ఇతరులు వాడుకోవడానికి ఒప్పుకున్నట్టేనని ఏఎఫ్‌పీ వాదించింది. ఈ ఒక్క వాదనా నెగ్గి ఉంటే, ఫోన్‌లో ఫోటో తీసి నలుగురికీ చూపించిన ప్రతి ఒక్కరి హక్కూ ప్రమాదంలో పడేది.

నెగ్గలేదు. ట్విట్టర్‌లో పెట్టిన దాని మీద పెట్టినవారికే హక్కుంటుందని ఆ సంస్థ నిబంధనలే చెప్పాయి. రీట్వీట్ చేసుకోనివ్వడం వేరు, ఫోటోను బయటికి తీసుకెళ్లి అమ్ముకోనివ్వడం వేరు. 2013 జనవరిలో న్యాయమూర్తి అలిసన్ నేథన్, ట్విట్టర్ నిబంధనలు ఏఎఫ్‌పీకి అలాంటి అనుమతేదీ ఇవ్వలేదని తేల్చారు. ఆ నవంబరులో జ్యూరీ ముందు విచారణ జరిగింది. ఏఎఫ్‌పీ, గెట్టీ తెలిసే ఉల్లంఘించాయని జ్యూరీ నిర్ణయించింది. తెలిసి చేసిన ఉల్లంఘనకు అమెరికా చట్టం ఒక్కో కృతికి విధించే గరిష్ఠ పరిహారం లక్షా 50 వేల డాలర్లు. ఎనిమిది ఫోటోలకు 12 లక్షల డాలర్లు ఇవ్వాలని జ్యూరీ చెప్పింది. ఆ ఎనిమిదింటికీ గరిష్ఠ మొత్తమే పడిందని చెప్పుకోవడానికి ఈ ఫోటో సంకోచించదు. దాదాపు నాలుగేళ్లు కోర్టు మెట్లెక్కిన మనిషి మొరెల్.

ట్విట్‌పిక్ 2014లో మూతపడింది. అక్కడున్న ఫోటోలన్నీ చెరిగిపోయి ఉంటే హక్కులూ పోయేవా అంటే, పోవు. మనదేశంలోనూ అంతే. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో తీసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తీసినవారు బతికున్నంత కాలమూ, చనిపోయిన మరుసటి ఏడాది నుంచి లెక్కేసి 60 ఏళ్లూ ఉంటుంది.