చెడిపోవుటకు అనుమతి కోరుతూ...

సంక్రాంతికి సొంత బళ్లలో ఊరెళ్లేవాళ్లకు సర్కారు పెద్దలు ఏటా సెలవిచ్చే హితవాక్యం మీరూ చదివే ఉంటారు. బయలుదేరే ముందే బండి కండిషన్ చూసుకోవాలట. హైవే మీద ఆగిపోయి ట్రాఫిక్‌కు అంతరాయం కలిగించరాదట. మొదటి ముక్కతో పేచీ లేదు. టైర్లు, బ్రేకులు, కూలెంటు చూసుకోకుండా పిల్లాపాపలతో వందల కిలోమీటర్లు బయలుదేరేవాణ్ని వెనకేసుకు రావడం నావల్ల కాదు. రెండో ముక్కే అసలు రత్నం. ఆగిపోరాదు! చలికాలంలో ఎవరికీ జలుబు చేయరాదని జీవో ఇచ్చినట్టుంది. అయితే సర్కారువారి నోట ఊరికే మాట రాదు. దీని వెనక ఒక సిద్ధాంతం ఉంది. బండి దానంతటది చెడిపోదు. భోగి ముందు రాత్రి సామానంతా డిక్కీలో కుక్కి, వెనక సీట్లో అత్తగారిని, ఒళ్లో చంటిపిల్లను కూర్చోబెట్టుకుని, హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు బయలుదేరే మనిషి, చౌటుప్పల్ దాటాక ఓ మంచి చీకటి చోటు చూసుకుని చెడగొట్టుకుందామని ఎల్బీనగర్‌లోనే నిశ్చయించుకుంటాడు. అందుకే ఆయన్ని ముందుగా మందలించడం.

చట్టం కూడా ఇన్నాళ్లూ ఇదే చూపుతో చూసింది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 201వ సెక్షన్, చెడిపోయిన బండి రాకపోకలకు అడ్డంగా ఉంటే, అలా ఉన్నంతసేపూ గంటకు 50 రూపాయల దాకా జరిమానా వేయమంది. 2019లో సవరించినప్పుడు గంటల లెక్క తీసేసి 500 దాకా అన్నారు. ప్రభుత్వం బండిని లాగించాల్సివస్తే ఆ ఖర్చూ యజమానిదే. మెకానిక్ దొరక్క రోడ్డు పక్కన చేతులు నలుపుకుంటున్నవాడి దగ్గర అద్దె వసూలు చేయాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందోగానీ, ఆయనకు జాలి పాలు తక్కువైనా ఆర్థికశాస్త్రం బాగా తెలుసు.

ఇంత దూరం వచ్చాక సగంలో వదిలేయడం దేనికి? పద్ధతి ప్రకారం పూర్తిచేద్దాం. పండగ రోజుల్లో జాతీయ రహదారి మీద చెడిపోదలచిన ప్రతి వాహనమూ ముందస్తు అనుమతి తీసుకోవాలని నా ప్రతిపాదన. తెలంగాణలో మీసేవకు వెళ్లాలి, ఆంధ్రలో మనమిత్ర వాట్సాప్‌లో పెట్టుకోవాలి. ఏ భాగం చెడిపోదలచింది, ఏ కిలోమీటరు రాయి దగ్గర, ఎన్ని గంటలకు, ఎంతసేపు అన్నవి దరఖాస్తులో స్పష్టంగా రాయాలి. ఆర్సీ, ఆధార్, రేడియేటర్ తాజా ఫొటో జతపరచాలి. టైరు తన ఇష్టపూర్వకంగానే, ఎవరి ప్రలోభానికీ ఒత్తిడికీ లోనుకాకుండా పంక్చర్ అవుతోందని నోటరీ అఫిడవిట్ తప్పనిసరి. పంక్చర్‌కు రెండు రోజుల ముందు, క్లచ్ ప్లేటుకు వారం ముందు పెట్టుకుంటే చాలు. ఇంజిన్ సీజ్ కావాలంటే మాత్రం ఫైలు పైదాకా వెళ్లాలి గనక నెల పడుతుంది. అంత ఓపిక లేనివారికి అదనపు రుసుముతో తత్కాల్ ఉంటుంది. భోగి రాత్రి పంతంగి టోల్‌గేటు నుంచి చిట్యాల దాకా స్లాట్లు ఎలాగూ మిగలవు. నకిరేకల్ బైపాస్‌లో ఆర్‌ఏసీ దొరకొచ్చు, అంటే ఏసీ పోవడానికి ఒప్పుకుంటారు, ఇంజిన్ నడుస్తూనే ఉండాలి. ఎమ్మెల్యేగారి సిఫార్సు లేఖ తెచ్చినవారికి ధాబా ఎదురుగా, చెట్టు నీడన, మెకానిక్ షెడ్డుకు కూతవేటు దూరంలో చెడిపోయే సౌకర్యం కల్పిస్తారు. ఒక్క జాగ్రత్త చెప్పాలి. కోదాడ, రామాపురం క్రాస్‌రోడ్డు దాటి గరికపాడు చేరితే తెలంగాణ అనుమతి చెల్లదు. ఆస్తులూ అప్పులూ పంచుకున్నాంగానీ బ్రేక్‌డౌన్ల పంపకం సంగతి విభజన చట్టంలో రాయడం మరిచారు.

బండికి తన భవిష్యత్తు ముందే ఎలా తెలుస్తుందని మీరు అడగొచ్చు. సలహా ఇచ్చిన పెద్దలను ఇదే ప్రశ్న మీరు అడగలేదే! బయలుదేరే ముందు చూసుకుంటే దారిలో ఆగదన్న నమ్మకం వారిది. చూసినవాడికి తెలిసేటప్పుడు, స్వయంగా చెడిపోయేదానికి తెలియదా? పాత డొక్కు బళ్లవల్లే ఇదంతా అనే ఇంకో వాదం ఉంది, అది కాస్త గట్టిదే. ప్రభుత్వ వాహనాలకు 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ కొనసాగించకూడదని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన పెట్టింది అందుకే. కానీ పండగ రద్దీలో కొత్త బండి కూడా ఎందుకు ఆగుతుందో ఏ మెకానిక్‌నైనా అడిగి చూడండి. పరుగెత్తే బండికి ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. టోల్‌గేటు ముందు అంగుళం అంగుళం పాకే బండికి ఆ గాలి ఉండదు, భారమంతా ఫ్యాను మీదే. లోపల ఐదుగురికి ఏడుగురు, పైన క్యారియర్ మీద మూటలు, ఏసీ ఆగకుండా నడుస్తుంటుంది. మొదటి గేరులో సగం క్లచ్ నొక్కిపెట్టి గంటల తరబడి పాకిస్తే, ఏళ్లకు అరగాల్సిన ప్లేటు ఒక్క రాత్రిలో కాలి కంపు కొడుతుంది. బండి ఆగడం వల్ల ట్రాఫిక్ జామ్ అవుతుందని అధికారులు అంటున్నారు. నిజమే. ఆ జామ్ వల్లే మరో పది బళ్లు ఆగుతాయన్న సగాన్ని మాత్రం వారు మింగేస్తున్నారు. ఇంటి దగ్గర ఎంత చూసుకుని బయలుదేరినా, పంతంగి దగ్గర ఏం జరుగుతుందన్నది యజమాని చేతిలో లేదు.

మరి ఎవరి చేతిలో ఉంది? టోల్ ప్లాజాలో బండికి పది సెకన్లకు మించి పట్టకూడదనీ, వంద మీటర్ల క్యూ దాటితే డబ్బు కట్టించుకోకుండా వదిలేయాలనీ జాతీయ రహదారుల సంస్థ 2021 మేలో చెప్పింది. వంద మీటర్ల దగ్గర పసుపు గీత గీయమంది. 2024లో ఆ వంద మీటర్ల మినహాయింపును తనే వెనక్కి తీసుకుంది. ప్రయాణికుడికి ఇచ్చిన మాట తీసేసుకున్న చోట, ప్రయాణికుడికి సలహా మాత్రం మిగిలింది.

సొంత బండి లేనివాడు బస్సెక్కవచ్చుగా అంటారా? పండగ స్పెషల్ పేరుతో తెలంగాణ ఆర్టీసీ మామూలు టికెట్ మీద సగం అదనంగా తీసుకుంటుంది. తిరుగు ప్రయాణంలో ఖాళీగా రావాలి కాబట్టి ఆ ఖర్చు రాబట్టుకోవడానికి 2003 నాటి 16వ నంబరు జీవో అనుమతిస్తోందని దానికి సమర్థన. ఆ లెక్క కొంతవరకు న్యాయమైనదే, ఖాళీ బస్సుకూ డీజిల్ కావాలి. ఆంధ్ర ఆర్టీసీ 2022 దసరా నుంచి మామూలు చార్జీలకే స్పెషల్ బస్సులు నడిపి, ఆ లెక్క లేకుండానూ బతకవచ్చని చూపింది. అసలు అభ్యంతరం వేరు. నగరంలో స్టాపు స్టాపుకీ ఆగుతూ తిరగాల్సిన సిటీ బస్సులను బోర్డు మార్చి జిల్లాలకు తోలి, దాన్ని స్పెషల్ అనడం. ఒకటిన్నర రెట్లు కట్టినవాడు ఆ బస్సు చెడిపోయి దారిలో దిగి, వెనక వచ్చే బస్సులో ఫుట్‌బోర్డు మీద చోటు వెతుక్కోవాల్సివస్తే, పైన కట్టిన ఆ సగం దేనికి కట్టినట్టు? నా పథకంలో దీనికీ దారుంది. స్పెషల్ బస్సులకు చెడిపోయే అనుమతి టికెట్‌లోనే కలిపి ఇచ్చేద్దాం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మల్కాపురం నుంచి నందిగామ దాకా దాదాపు 180 కిలోమీటర్ల రోడ్డు మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు అని మూడు చోట్ల టోల్ తీసుకుంటారు. ఆ డబ్బు తారుకు మాత్రమే కాదు. గస్తీ వాహనం, అంబులెన్సు, ఆగిన బండిని లాగే క్రేను టోల్ రోడ్డు నిర్వహణలో భాగం. జాతీయ రహదారి మీద ఎక్కడ ఆగినా 1033కి ఫోన్ చేస్తే సాయం రావాలి. ఇది ఎవరి దయా కాదు, చెల్లించిన డబ్బుకు రావలసిన సేవ. ఏటా వచ్చే హితవాక్యంలో టైర్లున్నాయి, బ్రేకులున్నాయి, నిద్రమత్తు ఉంది. ఫలానా చోట ఇన్ని క్రేన్లు నిలిపాం, ఫోన్ చేసిన ఇన్ని నిమిషాల్లో వస్తాయి, రాకపోతే టోల్ వాపసు అన్న ఒక్క వాక్యం అందులో వెతికి చూడండి. పంతంగి దగ్గర ఫాస్టాగ్‌లోంచి డబ్బు లాక్కోవడానికి యంత్రానికి క్షణం పట్టదు. పంతంగిలో కనిపించిన నంబరు రాత్రంతా కొర్లపహాడ్‌లో కనిపించకపోతే ఆ బండి ఎక్కడో ఆగిందేమోనన్న అనుమానం మాత్రం దానికి రాదు.

చాలు, నవ్వింది చాలు. ఆగిన బండి అంటే ట్రాఫిక్‌కు అంతరాయం అనుకునేవాళ్లు, రాత్రిపూట ఆ రోడ్డు మీద ఆగిన లారీ వెనకభాగాన్ని ఒకసారి చూడాలి. దుమ్ము పట్టి వెలగని రెడ్ లైటు, రేకు మీద సగం ఊడిన రిఫ్లెక్టర్ స్టిక్కరు, నాలుగడుగుల వెనక రోడ్డు మీద పెట్టిన రెండు రాళ్లు, విరిచి వేసిన వేపకొమ్మ. దేశంలో ఏటా వేల కోట్ల టోల్ వసూలయ్యే రోడ్ల మీద హెచ్చరిక వ్యవస్థ ఆ వేపకొమ్మే. లారీ బాగై వెళ్లిపోయాక రాళ్లు అక్కడే ఉంటాయి, తర్వాత వచ్చే మోటార్‌సైకిల్ వాడి కోసం. 2024 ఏప్రిల్ 25 తెల్లవారుజామున ఇదే 65వ నంబరు హైవే మీద, కోదాడ దగ్గర ఆగి ఉన్న లారీని వెనక నుంచి కారు ఢీకొని ఆరుగురు చచ్చిపోయారు. అందులో పసిపిల్ల ఉంది. 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్ల మీద చనిపోయారని కేంద్ర రవాణా శాఖే లెక్క చెప్పింది. ప్రమాదాల్లో అన్నిటికన్నా ఎక్కువ వెనక నుంచి గుద్దినవేనని చెప్పిందీ ఆ లెక్కే. చూసుకుని నడపలేదని చనిపోయిన డ్రైవరును నిందించడం తేలిక, అతను తిరిగి మాట్లాడలేడు. కానీ ఆ లారీ అంతసేపు అక్కడ ఉండగా గస్తీ బండి ఏ దారిన పోయింది? క్రేన్ ఎక్కడ ఉంది? ఎర్ర కోన్ ఒక్కటి పెట్టడానికి ఎవరి అనుమతి కావలసివచ్చింది?

అదే చట్టంలో 198ఏ అనే సెక్షనూ ఉంది. 2019లోనే చేర్చారు. రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించని కాంట్రాక్టరుకూ, సంస్థకూ లక్ష రూపాయల దాకా జరిమానా. అదీ మనిషి చనిపోతేనో, వికలాంగుడైతేనో. దారికి అడ్డంగా ఆగిన బండిని తీయించకపోతే ప్రయాణికుడికి 500 దాకా జరిమానా. రోడ్డు వదిలేసిన పాపం లెక్కలోకి రావాలంటే ముందు ఎవరో ఒకరు చావాలి. అప్పుడు కూడా లక్షకు మించదు, పండగ రాత్రి టోల్‌గేటులో ఆ లక్ష రావడానికి ఎంతసేపు పడుతుంది? గుంతల రోడ్డుకు టోల్ ఏమిటని కేరళలోని పాలియెక్కర కేసులో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు నిలదీసింది, అక్కడ వసూళ్లు ఆపిన హైకోర్టు ఉత్తర్వును నిలబెట్టింది. కోర్టుకు వెళ్లగలిగినవాళ్లకు న్యాయం దొరికింది. భోగి రాత్రి చంటిపిల్లతో రోడ్డంచున నిలబడ్డవాళ్లు ఏ కోర్టుకు వెళ్తారు?

ఊరెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. బండి ఆగితే నాలుగు ఇండికేటర్లూ వేసి, అందరూ దిగి రెయిలింగ్ అవతలికి వెళ్లండి, బండిలో కూర్చోకండి. ఎర్ర త్రికోణం ఉంటే బాగా వెనక్కి నడిచి పెట్టండి. 1033కి చేసి, చేసిన టైమూ, వాళ్లు వచ్చిన టైమూ టోల్ మెసేజ్ పక్కనే రాసిపెట్టుకోండి. పండగయ్యాక ఆ కాగితాన్ని మీ ఎంపీకి పంపండి. జవాబు రాకపోతే మళ్లీ పంపండి.