సున్న బైట్ల అద్వైతము

ఎక్స్ఛేంజ్ ఆన్‌లైనులో ఎక్స్ఛేంజ్ వెబ్ సర్వీసెస్ అను పాత మెయిలు ద్వారమును 2026 అక్టోబరు నుండి మూయనారంభింతుమనియు, ఎల్లరును గ్రాఫ్ అను కొత్త ద్వారమునకు తరలవలెననియు మైక్రోసాఫ్టువారు సెలవిచ్చిరి గదా! న్యూజెర్సీ మొదలు రెడ్మండు దాఁక మన తెలుఁగు ప్రోగ్రామర్లు దీనిని కేవలము పనిభారమని తలఁచి విసుగుకొనుచున్నారే కాని, ఇది ఒక గురుపీఠమునుండి మఱియొక గురుపీఠమునకు మారుట యని గ్రహించినవారు కానరారు.

పాతగురువు అచ్చమైన అద్వైతి. జాబును వెదకినచో అటాచ్‌మెంటు కలదనును. జాబును తెఱచినచో దాని పేరు చెప్పును. లోని సరుకును మాత్రము, శిష్యుఁడు ప్రత్యేకముగా 'లోడ్' అని ప్రార్థించువఱకు, బయటపెట్టఁడు. నామరూపములు కలవు, వస్తువు లేదు. కొత్తగురువు ఇంకను ఒక మెట్టు పైవాఁడు. సాధారణమైన ఫైలు ఆయనయొద్ద బేస్64 దేహము దాల్చి, మూఁడు బైట్లు నాలుగక్షరములై బలిసి, దర్శనమిచ్చును. జాబులో జాబుగా వచ్చినదానికి ఆ దేహమే లేదు. దానిని వేఱొక మంత్రముతో పిలువవలెను. ఇఁక రిఫరెన్స్ అటాచ్‌మెంటు పెండ్లినాఁడు పురోహితుఁడు చూపు అరుంధతీ నక్షత్రము: వన్‌డ్రైవ్ గగనమున ఎచ్చటనో కలదందురు, వరుఁడు చూచితినని తలయూఁపును. మన ప్రోగ్రామును అట్లే తలయూఁపి, సున్న బైట్ల ఫైలును డిస్కులో ప్రతిష్ఠించి, లాగులో 'సక్సెస్' అని వ్రాసికొనును.

1992 మార్చి 11న తన గాయకబృందపు ఫొటోను, పాటను జతచేసి మైమ్ అను అటాచ్‌మెంటు పద్ధతిలో తొలి జాబు పంపిన బెల్‌కోర్ శాస్త్రజ్ఞుఁడు నథానియెల్ బోరెన్‌స్టీన్ పాపము ద్వైతి. ఫొటో పంపినచో ఫొటోయే చేరవలెనని ఆయన మూఢవిశ్వాసము.

ఈ వేదాంతమునకు దక్షిణ చెల్లించువాఁడెవఁడు? వీసా పిటిషనునకు అదనపు ఆధారములు కోరినపుడు అమెరికా ప్రభుత్వము గరిష్ఠముగా నిచ్చు గడువు 84 దినములు. ఆ ఆధారములను న్యాయవాదికి మెయిలులో పంపితినని నమ్మి ఒకఁడు కూర్చుండును. చేరినదని న్యాయవాది యంత్రము నమ్మును. నడుమ నున్నది సున్న. గడువు మీఱినచో పెట్టె సర్దుకొనవలసినది యంత్రమా? అటాచ్‌మెంటు పరిమాణము ఇంతయని సర్వరే చెప్పుచున్నది. చేతికి సున్న వచ్చినది. ఆ రెండంకెలను పోల్చి, తప్పు జరిగెనని కేకవేయుటకు రెండు వరుసల కోడు చాలును. ఆ రెండు వరుసలకు సమయము లేదని స్ప్రింటు మీటింగులో కొట్టివేసినవారెవరో పరదేశీయులు కారు. వారిలో మనవారును కలరు, వారి పిటిషనులును ఏదో యొక మెయిలు సర్వరు గుండానే పోవుచున్నవి.