పెరటి చెట్టు వకీలు

ఇండియానా రాష్ట్రంలో యూనివర్సిటీ ఉన్న ఏ చిన్న ఊరికి వెళ్లినా ఇలాంటి పెద్దమనిషి ఒకాయన తగులుతాడు. అరవై దాటి ఉంటాడు. నెత్తిన మొక్కజొన్న విత్తనాల కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చిన టోపీ. ఇన్సూరెన్సు పాలసీలు అమ్మో, హైస్కూలు పిల్లలకు కారు నడపడం నేర్పో రిటైరై ఉంటాడు. పలకరిస్తే మొదటి మాట మంచు గురించి, రెండో మాట మోకాళ్ల గురించి. మూడోది మాత్రం ఏడాది పొడుగునా ఒకటే: "మన కుర్రాణ్ణి చూశావా?"

సొంత మనవడనుకునేరు. కాదు. ఊరి హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడే పిల్లాడు. వాడికీ ఈయనకూ చుట్టరికం లేదు, వాడి తండ్రికీ ఈయనకూ మాటల్లేవు. అయినా వాడు మన కుర్రాడే. రోజూ ఆ హైస్కూలు ముందునుంచే కారులో వెళ్లే యూనివర్సిటీ కోచ్, ఆ కుర్రాణ్ణి వదిలేసి ఎక్కడో సెర్బియా నుంచో సెనెగల్ నుంచో ఆటగాళ్లను తెచ్చుకోవడం ఈయనకు కంట్లో నలుసు. మా వీధిలో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాల వాళ్లం మా ఊరి పెద్దమనిషికి 'మనకుర్రాడుగారు' అని పేరు పెట్టుకున్నాం. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవాళ్లు ఏనాడో తేల్చేసి ఊరుకున్నారు. ఈయన ఊరుకోలేదు. చెట్టు తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు.

జనవరిలో ఏ శుక్రవారం రాత్రయినా ఆయన ఉండేచోటు హైస్కూలు జిమ్ము. అక్కడి జిమ్ములంటే మన బడుల్లో ఆటస్థలాల్లాంటివి కావు. న్యూకాసిల్ అనే చిన్న ఊళ్లో హైస్కూలు జిమ్ములో దాదాపు ఎనిమిది వేల మంది కూర్చోవచ్చు. 1954లో మొత్తం 161 మంది పిల్లలున్న మిలన్ హైస్కూలు, మన్సీ సెంట్రల్ అనే పెద్ద స్కూలును 32–30తో ఓడించి రాష్ట్ర ఛాంపియన్ అయింది. చివరి బంతి వేసిన బాబీ ప్లంప్ పేరు అక్కడ పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ తెలుసు. 'హూజియర్స్' సినిమాకు ఊపిరి పోసింది ఆ ఆటే. అలాంటి గాలి పీల్చి పెరిగిన మనిషికి ఊరి కుర్రాడి మీద నమ్మకం కుదరడం వింతేమీ కాదు.

మనకుర్రాడుగారు మూడో వరసలో, తలుపుకు ఎదురుగా కూర్చుంటాడు. ఆట ఆ వైపు నుంచి సరిగ్గా కనపడదు. కానీ కాలేజీ మనుషులెవరైనా వస్తే ముందు కనపడేది ఆయనకే. ఒళ్లో స్పైరల్ నోటుబుక్కు, చెవి మీద పెన్సిలు. కుర్రాడు పన్నెండు పాయింట్లు వేస్తే అవి రాసుకోడు, స్కోరుబోర్డు మీద ఎలాగూ ఉంటాయి గనక. ఆయన రాసుకునేవి వేరు. ఎదుటివాడి పాసును వేలికొసతో ఎన్నిసార్లు చెడగొట్టాడు, కిందపడ్డవాడికి ఎన్నిసార్లు చెయ్యి అందించాడు, కోచ్ తిడుతుంటే ఎన్నిసార్లు కళ్లలోకి చూశాడు.

ఒకసారి నిజంగానే యూనివర్సిటీ అసిస్టెంట్ కోచ్ వచ్చాడు. ఛాతీ మీద కాలేజీ బొమ్మ, చేతిలో ఫోను. మనకుర్రాడుగారు పాప్‌కార్న్ పొట్లం పక్కన పెట్టి నిటారుగా కూర్చున్నాడు. తీరా చూస్తే ఆ వచ్చినవాడు అవతలి జట్టులోని పొడుగాటి సెంటర్‌ని చూడ్డానికి వచ్చాడు, సగం ఆట అవగానే వెళ్లిపోయాడు. నోటుబుక్కులో ఒక కొత్త పద్దు చేరింది: 'రెండో క్వార్టరు ఎనిమిది నిమిషాల్లో అయిదు నిమిషాలు ఫోనే చూశాడు.'

కుర్రాడి ఎత్తు దగ్గర ఈయన అచ్చం మన పెళ్లిళ్ల పేరయ్యే. జట్టు జాబితాలో ఆరడుగుల మూడంగుళాలని ఉంటుంది. బూట్లూ, ఉంగరాల జుట్టూ కలిపితే అంతే. అవి తీసేస్తే ఆరూ ఒకటి. "ఇంకా పెరుగుతాడయ్యా! మేనమామను చూశావా, ఆరూ ఆరు! పాదాలు చూశావా, పద్నాలుగో నంబరు!" అని పాదాలనీ, మేనమామనీ సాక్ష్యానికి పిలుస్తాడు. ఆ పైన స్కాటీ పిప్పెన్. ఆర్కన్సాలోని హ్యాంబర్గ్ నుంచి బయల్దేరినప్పుడు వాడూ ఆరూ ఒకటే, సెంట్రల్ ఆర్కన్సా అనే చిన్న కాలేజీ తప్ప దిక్కులేదు. అక్కడ అరడుగు పెరిగి, 1987 ఎన్‌బీఏ డ్రాఫ్టులో అయిదోవాడై, షికాగోలో ఆరు టైటిళ్లు గెలిచాడు. "అరడుగు!" అంటూ ఆయన చేత్తో గాల్లో కొలిచి చూపిస్తాడు. చూపించేది అడుగు పైనే ఉంటుంది.

దృష్టాంతాలకు ఆయన దగ్గర కొదవ లేదు. స్టెఫెన్ కరీ తండ్రి డెల్ కరీ ఎన్‌బీఏ ఆటగాడు, వర్జీనియా టెక్‌లో ఆడి పేరు తెచ్చుకున్నవాడు. కొడుకూ అక్కడే ఆడాలని ఆశపడితే, స్కాలర్‌షిప్ అడక్కుండా వస్తే రమ్మన్నారు. బక్కపలచటి వాణ్ణి షార్లెట్ దగ్గర్లోని డేవిడ్‌సన్ కాలేజీ కోచ్ బాబ్ మెకిలప్ చేరదీశాడు. 2008 జాతీయ కాలేజీ టోర్నమెంటులో వాడు గొంజాగా మీద 40, జార్జ్‌టౌన్ మీద 30, విస్కాన్సిన్ మీద 33 కొట్టి ఆ చిన్న కాలేజీని చివరి ఎనిమిదింట నిలబెట్టాడు. కాన్సస్ చేతిలో 59–57తో ఓడారు. ఈ అంకెలన్నీ ఆయన తడుముకోకుండా చెబుతాడు. సొంత మనవరాలి వయసు మాత్రం వాళ్లావిడనడగాలి.

జా మొరాంట్ కథ ఆయనకు మరీ ఇష్టం. ముర్రే స్టేట్ అసిస్టెంట్ కోచ్ జేమ్స్ కేన్ దక్షిణ కరోలినాకు ఇంకెవరో కుర్రాణ్ణి చూడ్డానికి వెళ్లాడు. ఆకలేసి చిరుతిండి కోసం బయటికొస్తే పక్కనున్న చిన్న జిమ్ములో బంతి చప్పుడు వినపడింది. తొంగి చూస్తే మొరాంట్. 2019 డ్రాఫ్టులో రెండోవాడిగా పోయాడు. దీన్నుంచి మనకుర్రాడుగారు గ్రహించింది ఒక్కటే: మన కోచ్‌లకు హోటళ్లలో కడుపునిండా పెట్టడం తప్పు.

లారీ బర్డ్ దగ్గరికి వచ్చేసరికి కాస్త కల్తీ జరుగుతుంది. ఫ్రెంచ్ లిక్ పల్లెటూరి పిల్లాణ్ణి పెద్ద యూనివర్సిటీ చిన్నచూపు చూసిందంటాడు. నిజానికి 1974లో ఇండియానా యూనివర్సిటీకి కోచ్ బాబీ నైట్ వాణ్ణి కావాలనే తీసుకున్నాడు. అంత పెద్దచోట ఇమడలేక వాడే నెల తిరక్కుండా ఇంటికొచ్చేశాడు. కొన్నాళ్లు ఊరి చెత్తబండి మీద పనిచేసి, తర్వాత ఇండియానా స్టేట్‌లో చేరి, 1979లో ఆ జట్టును ఫైనల్ దాకా లాక్కెళ్లాడు. ఈ మాటే అంటే, "చెత్తబండి ఎక్కాడా, లేదా?" అని అడిగాడు. ఎక్కాడు మరి. వకీలుతో మనకెందుకు?

ఇంత ప్రేమ ఉన్నా కుర్రాడికి ఒక శాండ్‌విచ్ కొనిపెట్టే యోగం ఆయనకు లేదు. ఎప్పుడో యూనివర్సిటీ ఆటల నిధికి యాభై డాలర్లు చందా ఇచ్చాడు. కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం దాంతో ఆయన 'బూస్టర్' అయ్యాడు. ఆ ముద్ర ఒకసారి పడితే జన్మలో పోదు. బూస్టర్లు కాలేజీ తరఫున ఆటగాళ్లను పిలవకూడదు, కానుకలివ్వకూడదు. ఒక మధ్యాహ్నం ఊరి హోటల్లో కుర్రాడు పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. ఇండియానా వాళ్ల టెండర్లాయిన్ శాండ్‌విచ్‌లో బన్ను అరచేతంత ఉంటే, లోపల వేయించిన పంది మాంసం పళ్లెమంత ఉంటుంది. అది తింటూ కుర్రాడు మర్యాదకు "బాగున్నారా సార్" అన్నాడు. మనకుర్రాడుగారు కిటికీలోంచి పార్కింగు వైపు చూస్తూ, "బాగానే ఉన్నా, నేను నీతో మాట్లాడలేదు" అన్నాడు. రూలు అంత దూరం పోదు. కానీ ఆ పిల్లాడి భవిష్యత్తు తన నోటివల్ల చెడిందన్న మాట రాకూడదు కదా.

కోచ్ పక్షాన మాట్లాడేవాళ్లు మా ఊళ్లో లేరు గనక ఆ పని నేనే చేస్తాను. 2018 అక్టోబరులో, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు పెట్టుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. 2021లో ఒకసారి కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదన్నారు. 2024 నుంచి చదువు సరిగ్గా సాగుతుంటే ఎన్నిసార్లు మారినా అడిగేవాడు లేడు. 2021 జులై నుంచి పేరున్న ఆటగాడు ఆ పేరుతో డబ్బూ చేసుకోవచ్చు. ఇక పద్దెనిమిదేళ్ల పిల్లాణ్ణి తెచ్చి, కండపట్టించి, ఆట నేర్పితే, వాడు చేతికందే వేళకు పెద్ద కాలేజీవాడు ఎగరేసుకుపోతాడు. దానికన్నా ఎవరో పెంచిన, గడ్డం బాగా వచ్చిన ఇరవై మూడేళ్లవాణ్ణి తెచ్చుకోవడం నయం. ఓడితే మార్చిలో కోచ్ ఉద్యోగం ఊడుతుంది. కుర్రాడి మూడంగుళాలు మూడేళ్లకు గానీ రావు.

అసలు మనకుర్రాడుగారికి కావలసింది కుర్రాడికి స్కాలర్‌షిప్ కాదేమోనని నా అనుమానం. గతంలో ఒక కోచ్ ఆయన పోరు పడలేకో, నిజంగా నచ్చో, ఊరి పిల్లాణ్ణి ఒకణ్ణి తీసుకున్నాడు. ఊరంతా పండగ చేసుకుంది. ఈయన ముఖం మాత్రం కేసు రాజీ అయిపోయిన ప్లీడరు ముఖంలా తయారైంది. ఆ పిల్లాడు రెండేళ్లు బెంచి మీదే కూర్చుంటే, "పక్కకు కదలడానికి వాడికి కాళ్లు రావని నేను అప్పుడే అన్నాను" అన్నాడు. అనలేదు. అప్పటికే ఆయన నోటుబుక్కులో ఇంకో పేరు ఎక్కింది. తీసుకున్నవాడు కోచ్ కుర్రాడు, తీసుకోనివాడే మన కుర్రాడు. ఆ లెక్కన ఆయనకు నిరుద్యోగం లేదు.

ఇప్పటి కుర్రాణ్ణి చివరికి రెండు గంటల దూరంలోని, ఒక మెట్టు కింది డివిజన్ టూ కాలేజీ తీసుకుంది. అక్కడ వాడు నిజంగానే పెరిగాడు, నిజంగానే ఆడాడు. మూడో ఏడు అయ్యాక పోర్టల్లో పేరు పెట్టుకుంటే, పిలిచి పట్టుకున్నది ఎవరనుకున్నారు? మా ఊరి కోచే. ఇంటిబిడ్డ ఇంటికొచ్చాడని టీవీలో నవ్వాడు. ఆ నెలలోనే పాత చందాదారులందరికీ ఉత్తరాలొచ్చాయి, ఆటగాళ్లకు చెల్లించే నిధికి తోచినంత పంపమని.

మనకుర్రాడుగారు ఆ ఉత్తరం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "అప్పుడైతే ఒక్క స్కాలర్‌షిప్‌తో పోయేది. ఇప్పుడు నా జేబులోంచి!" అన్నాడు. కాఫీ తాగాడు. జేబులోంచి చెక్కుబుక్కు తీసి వంద డాలర్లకు రాశాడు. ఎందుకోసమో రాసే గీత మీద 'మూడేళ్ల ఆలస్య రుసుము' అని పెట్టాడు. సంతకం చేసే ముందు కొత్త జట్టు జాబితా చూపించమన్నాడు. ఫోనులో తీసి చూపించాను. కుర్రాడి పేరు పక్కన ఆరూ అయిదు అని ఉంది.

"నాలుగే," అన్నాడు. "అదీ బూట్లతో."