లెన్సులు పెట్టుకునేవాళ్లు వినకూడని చిట్కాలు

పామర్రు సెంటర్లో బస్సెక్కి బెజవాడ కాలేజీకి పోయే అమ్మాయిని తలుచుకోండి. కళ్లకు లెన్సులు, కిటికీ పక్క సీటు, ముఖాన కొట్టే గాలి, చేతిలో ఫోను. ఉయ్యూరు దాటేసరికి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. ఇంటికొచ్చి ఆ మాట చెప్పిందా, తలా ఒక చిట్కా చెబుతారు. చెప్పేవాళ్లది ప్రేమే. కానీ వాటిలో కొన్ని చూపుకే ఎసరు పెడతాయి.

అన్నిటికంటే చెడ్డది: "కాసిని చన్నీళ్లు కొట్టుకోవే, మంట తగ్గుద్ది." లెన్సు కంట్లో ఉండగా ఆ పని అస్సలు వద్దు. కుళాయి, బోరు, కాలవ, ఏ నీళ్లయినా సరే. అకాంతమీబా అనే సూక్ష్మజీవి నీటిలోనూ మట్టిలోనూ ఉంటుంది. లెన్సు కింద చేరితే కంటి ముందుండే పారదర్శక పొర కార్నియాను పాడుచేస్తుంది. నెలల తరబడి మందులు వేసినా చూపు దక్కకపోవచ్చు. పైగా మంచినీళ్లలో కన్నీటికున్న ఉప్పదనం ఉండదు కాబట్టి, మెత్తటి లెన్సు ఉబ్బి కనుగుడ్డుకు అతుక్కుంటుంది.

అసలు కన్నీరంటే ఒట్టి నీరు కాదు. రెప్పల అంచున ఉన్న గ్రంథుల నుంచి సన్నటి నూనె వస్తుంది. రెప్ప వాల్చినప్పుడల్లా అది కన్నీటి మీద పరుచుకుని, ఆవిరి కానివ్వదు. లెన్సు ఆ పొరను చెదరగొడుతుంది. ఫోను చూస్తున్నంతసేపూ రెప్పపాట్లు బాగా తగ్గిపోతాయి, వేసినా సగమే మూస్తాం. అందుకే కిటికీ మూసెయ్యండి, ఫోను పక్కన పెట్టండి, పై రెప్ప కింది రెప్పను తాకేదాకా నిండుగా రెప్పలు వాల్చండి. పైసా ఖర్చు లేని ఈ పని ఎవరూ చెప్పకపోవడమే నాకు బాధ.

"నందివర్ధనం పూలు పెట్టుకో, చలువ" అంటారు. లెన్సు తీశాక, మూసిన రెప్పల మీద శుభ్రమైన తడిగుడ్డ వేసుకోండి, ఆ చలువ చాలు. పసరు, పన్నీరు, తేనె కంట్లో వేయొద్దు.

"మొన్న కళ్లకలకకి తెచ్చిన చుక్కలున్నాయిగా!" వాటిలో స్టెరాయిడ్ ఉండొచ్చు. ఇన్ఫెక్షన్ ఉంటే ముదురుతుంది. చుక్కలు కావాలంటే లెన్సు మీద వేసుకోదగ్గవి, ప్రిజర్వేటివ్ లేనివి అని అడిగి మరీ కొనండి.

"నిన్నటి లెన్సు సొల్యూషన్లోనే ఇంకాస్త పొయ్యి." డబ్బు మిగలదు, క్రిమి మిగులుతుంది. 2005-06లో అమెరికా, సింగపూర్, హాంకాంగ్‌లలో లెన్సులు వాడేవాళ్లకు ఫ్యుసేరియం అనే బూజు సోకితే, తేమ నిలుపుతుందని అమ్మిన రెన్యూ మాయిశ్చర్‌లాక్ సొల్యూషన్‌నే మార్కెట్లోంచి వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. లెన్సు డబ్బా రోజూ ఒలకబోసి, కొత్త సొల్యూషన్‌తో కడిగి, బోర్లించి ఆరబెట్టండి. మూణ్ణెల్లకొకసారి డబ్బానే మార్చండి.

"పెట్టుకునే పడుకో, అలవాటవుద్ది." వద్దు. రాత్రి అతుక్కున్న లెన్సును గోటితో లాగొద్దు. లెన్సు చుక్కలు రెండు వేసి, కాసేపు రెప్పలు ఆడించి, అది కదిలాకే వేలి కొసతో తీయండి. ధాన్యం రోడ్డు పక్కన ఆరబోసి ఎగరబోసే రోజుల్లో దుమ్ము రేగుతుంది కాబట్టి కళ్లజోడే మేలు.

నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, మసక, ఏ ఒక్కటి ఉన్నా లెన్సు తీసేసి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. బెజవాడ దగ్గర తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉంది. తీసిన లెన్సు పారేయకుండా డబ్బాతో సహా పట్టుకెళ్లండి, క్రిమి ఏదో పరీక్షలో తేల్చడానికి పనికొస్తుంది.