ఆరు పెట్టలకి నాలుగు పుంజులు

మా పక్కింటాయన పెరడు నాలుగు సెంట్లు. అందులో ఒక మునగచెట్టు, ఒక బోరింగు, ఆరు పెట్టలు, నాలుగు పుంజులు. అంకెలు తారుమారయ్యాయనుకునేరు, సరిగ్గానే రాశాను. నర్సీపట్నంలో సెంటు ధర తెలిసినవాళ్లకి సెంటుకో పుంజు అంటే ఎంత ఖరీదైన హోదానో వేరే చెప్పక్కర్లేదు.

"ఇన్ని పుంజులెందుకండీ?" అని ఒకసారి అడిగాను. మీసం మీద చెయ్యేసి, "పెట్టలకి కాపలా ఉండొద్దేటి మాస్టారూ!" అన్నాడు. ఆమధ్య వీధికుక్క దూరినప్పుడు చూశాను. కాపలాదార్లు నలుగురూ గోడెక్కి గట్టిగా ఖండించారు. పెట్టలు మాత్రం కిందే ఉన్నాయి.

గుడ్డు పెట్టడానికి పెట్టకి పుంజుతో పనేలేదు. పిల్లలు కావాలంటే ఎనిమిది, పది పెట్టలకి ఒక పుంజు చాలు. ఆ లెక్కన నలుగురు దొరలూ కుదురుగా ఉండాలంటే ముప్పై, నలభై పెట్టలుండాలి. అన్ని పెట్టలకి జాగా లేదట. మరి పుంజుల తాకిడి ఎవరి మీద పడుతుంది? ఎర్రపెట్ట వీపు మీద ఈక మిగల్లేదు. "ఈకలు మారుస్తోందిలెండి" అంటాడు. ఏడాది పొడుగునా మారుస్తోంది పాపం.

పుంజులకి మాత్రం జీడిపప్పు, బాదం, ఖైమా, ఉడకబెట్టిన గుడ్డు. ఆ గుడ్డు ఎవరు పెట్టిందో చెప్పాలా? పెట్టినదానికి నూకలు, తిన్నవాడికి నూనె మాలిష్. డేగరంగు పుంజు ఏ రోజు గెలుస్తుందో, కాకిరంగుది ఏ దిక్కు నుంచి దిగాలో, నెమలిరంగుదాన్ని ఏ ఝాములో వదలాలో ఆయనకి కుక్కుట శాస్త్రం అంతా కంఠతా వచ్చు. కూతురు చదివేది ఏడో తరగతా ఎనిమిదా అని మాత్రం వంటింట్లోకి కేకేసి కనుక్కోవాలి.

"నా కోడి కూస్తేనే తెల్లవారుతుంది" అనుకున్న ముసలమ్మని చూసి మనం తరాలుగా నవ్వుతున్నాం. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో తేల్చిందేమిటంటే, గుంపులో పెద్దపుంజు కూసేదాకా చిన్నపుంజులు ఓపిగ్గా ఆగుతాయట. ఆ తర్వాత హోదా ప్రకారం ఒకదాని వెనక ఒకటి కూస్తాయట. మన ఊరి అబీద్ సెంటర్‌లో ఫ్లెక్సీ కట్టేవాళ్లకి ఈ సంగతి ఏ విశ్వవిద్యాలయమూ చెప్పక్కర్లేదు. ఎవరి తల ఎంత పెద్దదుండాలో వాళ్లు అంగుళాల్లో కొలిచి మరీ వేస్తారు.

కోళ్లలో పొడుచుకునే వరస ఒకటుందని నార్వేకి చెందిన షెల్డెరప్-ఎబ్బే వందేళ్ల కిందటే రాశాడు. పొడుచుకునేది వరస తేలేదాకే. ఎవడు పెద్దో తేలాక చిన్నవాడు తల దించుకుని పక్కకి తప్పుకుంటాడు, గొడవ దాదాపు ముగిసినట్టే. పెట్టల్లేని చోట నాలుగైదు పుంజులు పెళ్లికాని కుర్రాళ్ల గదిలోలా సర్దుకుపోవడమూ ఉంది. గోడ హద్దు దగ్గర అన్నతో పదేళ్లుగా కోర్టుకెక్కిన మా పక్కింటాయనకి ఈ సర్దుబాటే కంటగింపు. "రాజీ పడితే పందెంలో ఏం దిగుతాయి మాస్టారూ?" అని నాలుగింటికీ కాలికి తాడేసి, దేని మేకుకి దాన్ని కట్టాడు. సాయంత్రం పూట రెండింటిని చంకన పెట్టుకుని ముక్కుకి ముక్కు చూపిస్తాడు, మరిచిపోయిన పగ గుర్తుచేయడానికి. పల్నాటి కథలో బ్రహ్మనాయుడూ నాగమ్మా కోడిపందెం వేసుకుంటే, ఓడినవాళ్లు ఏడేళ్లు ఊరు విడిచారు. ఎవర్నీ వెళ్లమనని వాళ్లెవరైనా ఉన్నారంటే ఆ కోళ్లే.

జంతువుల్ని ఒకదానిమీదకొకటి ఉసిగొల్పడం 1960 చట్టం ప్రకారం నేరం. పందెం 1974 చట్టం ప్రకారం నేరం. 2016 డిసెంబరులో హైకోర్టు కూడా వద్దంది. ఏటా సంక్రాంతి ముందు ఊరూరా హెచ్చరిక బోర్డులు లేస్తాయి. బరి ఎటువైపో తెలియని కొత్తవాళ్లకి అవే గుర్తు.

ఈసారి భోగినాడు మూడు పుంజులు గంపల్లో కూర్చుని వెళ్లాయి. నాలుగోదానికి ఒక కన్ను లేదు కాబట్టి పరువు తీస్తుందని వదిలేశారు. వెళ్లిన మూడూ అక్కడే పందెంలో ఓడి కోజలయ్యాయి, కూర మరొకరింట్లో ఉడికింది. మా పక్కింటాయన రెండు రోజులు గడ్డం గీసుకోలేదు.

పెరట్లో ఆరు పెట్టలు, ఒక పుంజు మిగిలాయి. లెక్క కుదిరింది. ఒంటికన్నువాడు పురుగు దొరికితే తినకుండా టక్‌టక్‌మని పెట్టల్ని పిలుస్తున్నాడు. ఎర్రపెట్ట వీపు మీద సన్నగా నూగు మొలుస్తోంది. నిన్న గోడ దగ్గర నిలబడి దాన్నే చూస్తుంటే గేటు చప్పుడైంది. చింతపల్లి వైపు సంత నుంచి ఆయన స్కూటర్ వచ్చింది. హ్యాండిల్‌కి మూడు సంచులు, ఒక్కో సంచిలోంచి ఒక్కో ఎర్రటి జుట్టు.