రంగొకరిది, రెక్కలొకరివి

అమెరికాలో యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కొచ్చు, దిగొచ్చు, సామాను పోతే తిట్టుకోవచ్చు. ఆ పేరుతో విమానాలు నడిపే కంపెనీ మాత్రం ఎక్కడా లేదు. డెల్టా కనెక్షన్ అంతే, అమెరికన్ ఈగిల్ కూడా అంతే. అవి విమానానికి వేసిన రంగు మీద పేర్లు. టికెట్ అమ్మేది, వేళలు నిర్ణయించేది, ఛార్జీ ఖరారు చేసేది పెద్ద కంపెనీ. చాలా ఒప్పందాల్లో ఇంధనం బిల్లు కట్టేదీ అదే. విమానం నడిపే పైలట్‌ని మాత్రం స్కైవెస్ట్, రిపబ్లిక్, గోజెట్ లాంటి ప్రాంతీయ కంపెనీలు కాంట్రాక్టు మీద సరఫరా చేస్తాయి. శంషాబాద్‌లో పిల్లల్ని సాగనంపిన తల్లిదండ్రులు షికాగో దాకా ఏ విమానమో కంఠతా చెబుతారు. అక్కణ్నుంచి యూనివర్సిటీ ఉన్న చిన్న ఊరికి ఆ పిల్లల్ని ఎవరు చేర్చారన్నది టికెట్‌లో ఫ్లయిట్ నంబరు కింద, ‘ఆపరేటెడ్ బై’ అనే సన్నటి అక్షరాల్లో ఉంటుంది. ఆ వివరం టికెట్ వెతకగానే కంటపడాలని 2010లో అక్కడి పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చింది. తమ పేరు గురించి కోట్లు పెట్టి చెప్పుకునే కంపెనీలకు ఈ ఒక్క పేరు విషయంలో అంత సిగ్గెందుకో!

ఆ చట్టం ఊరికే రాలేదు. 2009 ఫిబ్రవరి 12 రాత్రి న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో దగ్గర ఒక విమానం ఇంటి మీద కూలింది. విమానంలో ఉన్న 49 మంది, ఇంట్లో ఒకరు చనిపోయారు. విమానం మీద పేరు పెద్ద కంపెనీ కాంటినెంటల్‌ది, నడిపింది ప్రాంతీయ కంపెనీ కోల్గన్ ఎయిర్. వేగం పడిపోతోందని హెచ్చరిక వచ్చినప్పుడు కెప్టెన్ ముక్కు దించాల్సింది పోయి పైకి లాగాడని దర్యాప్తు తేల్చింది. తప్పు పైలట్‌దే, అందులో పేచీ లేదు. అయితే అదే దర్యాప్తులో ఇంకొన్ని సంగతులూ బయటికొచ్చాయి. కో-పైలట్ జీతం బాగా తక్కువ. ఆమె డ్యూటీ తూర్పు తీరంలోని నూవార్క్‌లో, ఇల్లు పడమటి తీరంలో సియాటిల్ వైపు. ముందురోజు రాత్రి సరుకు రవాణా విమానంలో సీటు సంపాదించి, మెంఫిస్‌లో ఇంకోటి మారి, దేశాన్ని అడ్డంగా దాటి పనికొచ్చింది. కెప్టెన్ ఆ రాత్రి గడిపింది ఎయిర్‌పోర్టులోని సిబ్బంది గదిలో. ఇద్దరూ అలసి ఉండొచ్చు గానీ, దాని పాలు ఎంతో కొలవలేమంది దర్యాప్తు సంస్థ. కాబట్టి ఔట్‌సోర్సింగే విమానాన్ని కూల్చిందనడం అతిశయోక్తి. కానీ ఆ జీతం, ఆ ప్రయాణం, ఆ పడక మాత్రం విధి రాసినవి కావు. తక్కువకు పాడినవాడికే పాట కొట్టేసే పద్ధతి రాసినవి.

ఈ పద్ధతికి అడ్డుగా పెద్ద కంపెనీల పైలట్లు తమ ఒప్పందాల్లో పెట్టుకున్నదే ‘స్కోప్ క్లాజ్’. మా పేరుతో బయటివాళ్లు నడిపే విమానంలో 76 సీట్లు మించకూడదు, టేకాఫ్ బరువు 86,000 పౌండ్లు, అంటే సుమారు 39 టన్నులు దాటకూడదు, వాటి సంఖ్యకూ ఒక హద్దుండాలి అన్నది దాని సారాంశం. దీనివల్ల పుట్టిన వింతలకు లోటు లేదు. పెద్ద సైజు జెట్ల కోటా నిండిపోవడంతో యునైటెడ్ 2019లో 70 సీట్లకు తయారైన విమానంలో సీట్లు పీకించి 50కి దించింది. ఖాళీ అయిన జాగాలో సామాను అల్మారాలు, ఫస్ట్ క్లాస్ వాళ్లు తమంతట తామే తీసుకుని తినేందుకు చిరుతిళ్ల స్టాండు వెలిశాయి. కాగితాల మీద టేకాఫ్ బరువు కూడా తగ్గించి, సీఆర్‌జే-550 అని నామకరణం చేశారు. ఇక ఇంధనం తక్కువ తాగే ఎంబ్రేయర్ ఈ175-ఈ2కి కొత్త ఇంజన్ల వల్ల ఒళ్లు పెరిగి, ఆ కాంట్రాక్టుల గడప తొక్కే యోగమే పట్టలేదు. ఇంత వెర్రి నిబంధన ఇంకెక్కడైనా ఉందా అని యాజమాన్యాలు వాపోతాయి. నిజమే, వెర్రే. కాకపోతే ఆ విమానంలో సొంత పైలట్‌ని కూర్చోబెడితే ఒక్క సీటు కూడా పీకక్కర్లేదు. ఆ ఖర్చు కంటే అల్మారాల ఖర్చే నయమనుకున్నవారు వెర్రి గురించి పాఠాలు చెప్పడమే విడ్డూరం.

పైలట్లు మాత్రం ప్రయాణికుల మీద ప్రేమతో పోరాడుతున్నారా, తమ ఉద్యోగాలు కాపాడుకోవడానికి కాదా అని అడగొచ్చు. స్వార్థమే. 1990ల్లో చిన్న జెట్లు వచ్చినప్పుడు ఇవి మన స్థాయివి కావులెమ్మని వదిలేసింది ఈ పెద్దలే. 2001 తర్వాత దివాలా కోర్టుల్లో ఇంకొంత వదులుకున్నారు. ఆ మూల్యం చెల్లించింది అదే రంగు విమానాల్లో, అదే ప్రయాణికుల్ని మోసిన తమ్ముళ్లు. ఒకే ఆఫీసులో, ఒకే ఫైలు మీద పనిచేస్తూ పర్మినెంటు గుమాస్తా ఒక జీతం, ఔట్‌సోర్సింగ్ గుమాస్తా ఇంకో జీతం తీసుకునే ముచ్చట మనకూ తెలిసిందే. ఈ తేడా తగ్గించమని డెల్టా సొంత అనుబంధ సంస్థ కొమెయిర్ పైలట్లు 2001లో 89 రోజులు సమ్మె చేశారు, మెరుగైన ఒప్పందం సాధించారు. 2012లో డెల్టా ఆ కంపెనీనే మూసేసింది. ఇక్కడ కిటుకేమిటంటే, ప్రాంతీయ కంపెనీలో పైలట్ల అనుభవం పెరిగితే జీతం పెరుగుతుంది, జీతం పెరిగితే ఖర్చు పెరుగుతుంది, ఖర్చు పెరిగితే కాంట్రాక్టు కుర్రకారుతో నడిచే ఇంకో కంపెనీకి పోతుంది. అనుభవాన్ని నేరంగా లెక్కగట్టే వ్యాపారం విమానాలు నడుపుతోందంటే, పైలట్ల స్వార్థం అంతకంటే ప్రమాదకరమైనదేమీ కాదు.

చౌకగా నడపకపోతే చిన్న ఊళ్లకు విమానమే ఉండదన్నది గట్టి వాదన. దానికి జవాబు 2022లో దొరికింది. ఏళ్ల తరబడి అరకొర జీతాలిచ్చిన చోటికి కొత్త పైలట్లు చాలినంత మంది రాలేదు. ప్రాంతీయ పైలట్ల కొరత అంటూ టొలీడో, ఇథకా, ఐస్లిప్ ఊళ్లకు అమెరికన్ ఎయిర్‌లైన్స్ సర్వీసు ఎత్తేసింది. అంటే చౌకతనం చిన్న ఊళ్లను కాపాడలేదు, వాటికే ఎసరు పెట్టింది. చిత్రంగా అదే ఏడాది జూన్‌లో ఆ కంపెనీ సొంత ప్రాంతీయ సంస్థలు కొత్త కో-పైలట్‌కి గంటకు 90 డాలర్లు ప్రకటించాయి. ఇన్నాళ్లూ ఇవ్వలేమన్న సొమ్ము మనుషులు దొరకని రోజున ఎక్కణ్నుంచో ఊడిపడింది. చూశారా, మార్కెట్టే సరిచేసింది అంటారేమో. కొరత తీరిన మర్నాడు మార్కెట్ మళ్లీ మనసు మార్చుకోదన్న పూచీ ఎవరిస్తారు? రిపబ్లిక్ సంస్థ అదే ఏడాది ఇంకో దారి వెతికింది. బఫెలో తర్వాత వచ్చిన 1,500 గంటల అనుభవం నిబంధనను తమ శిక్షణ సంస్థలో చదివినవారికి 750కి సడలించమని కోరింది. విమానయాన నియంత్రణ సంస్థ కుదరదంది.

స్కోప్ క్లాజ్ మీద యాజమాన్యాలకు అంత కోపముంటే దాన్ని నామరూపాల్లేకుండా చేసే ఉపాయం ఒకటుంది. ఒకే పేరు కింద ఎగిరే విమానాల పైలట్లందరికీ ఒకే జీతాల పట్టిక, ఒకే సీనియారిటీ పెడితే సరి. 76 సీట్లా 77 సీట్లా అని ఏ పైలటూ లెక్కపెట్టడు. సంఘాలకు దాన్ని పట్టుకుని వేలాడాల్సిన పని ఉండదు. లాయర్లకు బరువులు తూచే బాధ తప్పుతుంది. ఇంత తేలికైన మందును పెద్ద కంపెనీలు ముట్టవు, ముట్టే ఉద్దేశమూ కనబడదు. ఎందుకంటే ఆ రెండు జీతాల మధ్య ఉన్న తేడాయే వాళ్లు ప్రాంతీయ కంపెనీల దగ్గర కొంటున్న సరుకు. విమానం, రంగు, చిరుతిళ్ల స్టాండు అన్నీ దాని మీది ప్యాకింగే.